పాత జెన్ ఎగ్జాస్ట్ కొత్త జెన్ కారుకి పడుతుందా? నా 2022 జీఆర్86 మీద చేసి చూశా

పోయినేడాది ఫోన్ కేస్ ఈ ఏడాది ఫోన్‌కి దాదాపు సరిపోతుంది. కెమెరా రంధ్రం దగ్గర రెండు మిల్లీమీటర్లు తేడా కొడుతుంది, అంతే, కేస్ చెత్తబుట్టలోకి. 300 రూపాయల కేస్ కాబట్టి పోనీలే అనుకుంటాం. అదే 520 డాలర్ల సెకండ్ హ్యాండ్ ఎగ్జాస్ట్ అయితే? రిటర్న్ లేదు, వారంటీ లేదు. స్టిక్కర్ మీద 2013-2020 అని స్పష్టంగా ఉంది. నా కారు 2022 మోడల్.

ఇక్కడ నేను మామూలుగా రాసేది ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి. ఈసారి కారు. అయినా కథ మనకి తెలిసిందే, కంపాటిబిలిటీ.

నేను ఉండేది డాలస్‌లో. రెండేళ్ళు జీతంలో దాచి టయోటా జీఆర్86 మాన్యువల్ తీసుకున్నా. మన దేశంలో ఈ కారు అమ్మరు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తా. టయోటా, సుబారు కలిసి చేసిన చిన్న స్పోర్ట్స్ కారు ఇది, సుబారు పేరుతో వస్తే బీఆర్‌జెడ్. మొదటి తరం అమెరికాలో 2013 మోడల్‌గా సైయాన్ ఎఫ్ఆర్-ఎస్ అనే పేరుతో వచ్చింది. 2.0 లీటర్ బాక్సర్ ఇంజిన్, 200 హార్స్‌పవర్. 2016లో సైయాన్ బ్రాండ్‌నే మూసేశారు, దాంతో 2017 నుంచి అదే కారు టయోటా 86 అయింది. 2022లో రెండో తరం, 2.4 లీటర్, 228 హార్స్‌పవర్. నాది ఇది.

కారులో నాకు నచ్చనిది ఒక్కటే, సౌండ్. ఇందులో యాక్టివ్ సౌండ్ కంట్రోల్ అని ఒకటుంది. ఇంజిన్ శబ్దాన్ని పోలిన శబ్దం కారు స్పీకర్లలోంచి వస్తుందన్నమాట. మొదటిసారి తెలిసినప్పుడు ఫేక్ కెమెరా బంప్ ఉన్న ఫోన్ కొన్నట్టు అనిపించింది. నిజమైన సౌండ్ కావాలనుకున్నా, కానీ కొత్త ఎగ్జాస్ట్ రేట్లు చూస్తే వెయ్యి డాలర్ల పైనే. అప్పుడే ఫోర్ట్ వర్త్‌లో ఒకతను తన 2015 బీఆర్‌జెడ్ అమ్మేస్తూ ఎగ్జాస్ట్ విడిగా పెట్టాడు.

ఇయర్ కాదు, ఇంటర్‌ఫేస్ చూడాలి

కొనేముందు మూడు రాత్రులు దీని మీదే కూర్చున్నా. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లోపల ఇంప్లిమెంటేషన్ మారింది, ఇంజిన్ వేరు. కానీ ఎగ్జాస్ట్ వెళ్ళి తగులుకునే ఇంటర్‌ఫేస్ మారిందా?

నేను కొన్నది క్యాట్-బ్యాక్. అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ల తర్వాత మొదలై బంపర్ కింద పైపు చివర దాకా ఉండే భాగం మాత్రమే. ఇంజిన్‌కి తగిలే హెడర్ జోలికి, కన్వర్టర్ల జోలికి పోం. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఆక్సిజన్ సెన్సర్లన్నీ ముందు భాగంలోనే ఉంటాయి. కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో ఈసీయూ వాటితోనే కనిపెడుతుంది, తేడా వస్తే పీ0420 అనే కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. క్యాట్-బ్యాక్ వీటి వెనక ఉంటుంది కాబట్టి దాన్ని మార్చినా ఈసీయూకి తెలియదు. అమెరికాలో కన్వర్టర్ తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. టెక్సాస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. ఓబీడీ పోర్టులో కేబుల్ పెట్టి కోడ్స్ చూస్తారు.

కాబట్టి నాకు కావాల్సినవి మూడే. ముందు జాయింట్ దగ్గర ఫ్లాంజ్ కలవాలి, రబ్బరు హ్యాంగర్లు అదే చోట ఉండాలి, చివర పైపులు బంపర్ కటింగ్ మధ్యలోకి రావాలి. రెండో తరం కారు మొదటి తరం ప్లాట్‌ఫామ్‌నే గట్టిపరిచి చేసింది. పైగా కొన్ని కంపెనీలు ఒకే పార్ట్‌ని రెండు తరాలకీ అని అమ్ముతున్నాయి. నా దాని కంపెనీ అలా చెప్పలేదు, అంతే తేడా. టేప్ పట్టుకుని వెళ్ళి అమ్మేవాడి ఇంటి ముందే కొలిచా. ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల మధ్య దూరం సరిపోయింది. డబ్బులిచ్చేశా.

శనివారం గ్యారేజ్‌లో

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు కింద దూరితే ఫైన్ వేస్తారు. అందుకని ఫ్రిస్కోలో మా టీమ్ సీనియర్ అన్న గ్యారేజ్. సాయానికి నా రూమ్మేట్. "మామా, యూట్యూబ్‌లో వాడు నలభై నిమిషాల్లో చేశాడు" అన్నాడు. మాకు ఐదున్నర గంటలు పట్టింది.

బోల్టులు ఈజీగానే వచ్చాయి, టెక్సాస్‌లో తుప్పు తక్కువ. చుక్కలు చూపించినవి రబ్బరు హ్యాంగర్లు. సబ్బు నీళ్ళు కొట్టి, స్క్రూడ్రైవర్‌తో తిప్పి, చివరికి ఇద్దరం చెరో వైపు పట్టుకుని లాగాం. ఒకటి ఊడొచ్చి నా మోచేతికి తగిలింది. జాక్ మీద ఉన్న కారు కిందకి వెళ్ళేటప్పుడు మాత్రం జాక్ స్టాండ్లు తప్పనిసరి, ఇందులో బద్ధకం వద్దు.

పాతది, కొత్తది రెండూ తూచాం. ఇండియా ప్రయాణాలకి వాడే లగేజ్ స్కేల్ ఉంటుంది కదా, 23 కిలోలు దాటిందా లేదా అని చూసేది, దాంతో. కొత్తది సుమారు 4 కిలోలు తక్కువ.

ఫ్లాంజ్ కలిసింది. హ్యాంగర్లు కలిశాయి. పార్టీ చేసుకునేలోపు రూమ్మేట్ వెనక నుంచి "రేయ్, ఇది చూడు" అన్నాడు. కుడి పైపు బంపర్ ప్లాస్టిక్‌కి వేలెడు దూరంలో కూడా లేదు. ఫోన్ కేస్ కెమెరా రంధ్రం సంగతే ఇది. అలాగే వదిలేస్తే వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. బోల్టులన్నీ వదులు చేసి, మఫ్లర్‌ని కాస్త తిప్పి, ఒక హ్యాంగర్ దగ్గర వాషర్లు పెట్టి, మళ్ళీ ముందు నుంచి వెనక్కి ఒక్కోటీ బిగించాం. దీనికే రెండు గంటలు. తర్వాత స్టార్ట్ చేస్తే జాయింట్ దగ్గర టిక్ టిక్ మని లీక్. పాత గ్యాస్కెట్‌నే వాడా, అది నా పిసినారితనం. కొత్తది కొనుక్కొచ్చి వేశాక ఆగింది.

పవర్ పెరిగిందా అంటే, నాకు తెలిసినంతలో లేదు. క్యాట్-బ్యాక్‌తో ఏదో పెరిగిపోతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. సౌండ్ మాత్రం అదిరింది. యాక్టివ్ సౌండ్ కనెక్టర్ కూడా పీకేశా. లేకపోతే అసలు సౌండ్ మీద స్పీకర్ సౌండ్ ఎక్కి, రెండు రేడియోలు ఒకేసారి మోగినట్టుంది. నా కారులో వార్నింగ్ లైటేమీ రాలేదు, ఓబీడీ డాంగిల్‌లో కోడ్స్ ఏమీ లేవు. రెండు వారాలు గాల్లో తేలా.

తర్వాత అమ్మ వచ్చింది.

పిండి మర

అమ్మ రాజమండ్రి నుంచి మొదటిసారి వచ్చింది. పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి గుడి చూపిస్తానని చెప్పి హ్యూస్టన్ బయల్దేరాం, నాలుగు గంటల దారి. వెనక సీటు పేరుకే, సంచులు పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. ఊళ్ళో తిరిగినంతసేపూ అమ్మ ఏమీ అనలేదు. ఐ-45 ఎక్కి, ఆరో గేర్‌లో 70 మైళ్ళ దగ్గర క్రూజ్ పెట్టా. అరగంటకి "ఏరా, కారు పాడైందా? పిండి మర పక్కన కూర్చున్నట్టుంది" అంది. నవ్వేశా. మాడిసన్‌విల్ దగ్గర ఆగేసరికి కణతలు నొక్కుకుంటోంది. అమ్మకి మైగ్రేన్ ఉంది, అది నాకు తెలుసు. తిరుగు ప్రయాణంలో "పోనీ నేను బస్సులో వస్తానురా" అంది చూడండి, అప్పుడు నాకు నవ్వు రాలేదు. 60 దాటకుండా డాలస్ దాకా వచ్చాం. 60లో ఆ మోత బాగా తగ్గింది, అదే నాకు దొరికిన క్లూ.

నిజానికి ఎగ్జాస్ట్ వేసిన రోజే కొలిచా. నియాష్ వాళ్ళ సౌండ్ లెవల్ మీటర్ యాప్, ఐఫోన్‌కి ఫ్రీ. 70 మైళ్ళ దగ్గర పాతదానితో 71, కొత్తదానితో 75 డెసిబెల్స్. నాలుగే కదా అని వదిలేశా. నేను చేసిన తప్పు ఇదే. యాప్‌లో నేను చూసింది ఏ-వెయిటింగ్. మన చెవి తక్కువ ఫ్రీక్వెన్సీలని తక్కువగా వింటుందని, ఈ లెక్కలో 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ కోసేస్తారు. అదే సీ-వెయిటింగ్‌లో అక్కడ దాదాపు ఏమీ కోయరు. సీలో మళ్ళీ కొలిస్తే 86 కాస్తా 93. అమ్మ తల దగ్గర మోగుతున్నది ఆ లెక్కలో కనిపించింది. రివ్యూల్లో ఎవరైనా ఎగ్జాస్ట్‌కి ఒకే ఒక్క డెసిబెల్ నంబర్ చెప్తే ఏ వెయిటింగో అడగండి.

మరి 100 హెర్ట్జే ఎందుకు? నాలుగు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి రెండు ఫైరింగ్స్. నా కారు ఆరో గేర్‌లో 70 మైళ్ళకి దాదాపు 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటుంది. సెకనుకి 50 చుట్లు, అంటే 100 ఫైరింగ్స్. స్పెక్ట్రమ్ యాప్‌లో సరిగ్గా అక్కడే గోపురంలా పీక్. అదే స్పీడులో ఐదో గేర్ వేస్తే ఆర్‌పీఎమ్ పెరిగినా ఆ మోత మాయం. దీన్నే డ్రోన్ అంటారు.

దీనికి మందు జే-పైప్. మెయిన్ పైపు పక్కన, రెండో చివర మూసేసిన గొట్టం ఒకటి అతికిస్తారు. శబ్ద తరంగం అందులోకి వెళ్ళి, మూసిన చివర తగిలి, సగం తరంగం ఆలస్యంగా తిరిగొచ్చి అసలు తరంగాన్ని కొట్టేస్తుంది. మన నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ చేసే పనే, చిప్ లేకుండా, ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీకి. గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి. ధ్వని వేగం 343, దాన్ని 400తో భాగిస్తే 86 సెంటీమీటర్లు. కాగితం మీద రాసుకుని మఫ్లర్ షాపుకెళ్ళా.

అక్కడ వెల్డింగ్ చేసే పెద్దాయన నా కాగితం చూసి, లోపల గాలి వేడిగా ఉంటుంది, ఇది పొట్టిదైపోతుంది అన్నాడు. బీటెక్ చదివి, గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుందన్న సంగతే మర్చిపోయా! ఆయన అనుభవం మీద 43 అంగుళాలు కోశాడు. ఇంటికొచ్చి లెక్కేస్తే 1.09 మీటర్లు. గొట్టంలో 200 డిగ్రీలు అనుకుని ఫార్ములాలో పెడితే సరిగ్గా అంతే వచ్చింది. 160 డాలర్లు తీసుకున్నాడు.

ఇప్పుడు 70లో ఏ-వెయిటింగ్ 72, సీ-వెయిటింగ్ 87. యాక్సిలరేటర్ తొక్కితే సౌండ్ అలాగే ఉంది, క్రూజ్‌లో మోత లేదు. ఎగ్జాస్ట్, గ్యాస్కెట్, జే-పైప్ అన్నీ కలిపితే 700 డాలర్లకి కొంచెం అటూ ఇటూ. ఇండియాలో ఉన్నవాళ్ళు మీ బండికి ఇలాంటిది చేసేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. శబ్ద కాలుష్యానికి మోటారు వాహనాల చట్టంలో 10,000 రూపాయల జరిమానా ఉంది, పోలీసులు సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు.

పోయిన వారం అమ్మని ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి ఇదే కారులో వెళ్ళాం. జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీద 70లో వెళ్తుంటే ఏమన్నా అంటుందేమో అని పక్కకి చూశా. సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతోంది. కంపెనీ ఎగ్జాస్ట్ మాత్రం ఇంకా అన్న గ్యారేజ్‌లోనే ఉంది. ఎప్పుడు తీస్తావని వదిన ఇప్పటికి రెండుసార్లు అడిగింది.