పొడుగు వేళ్ళు చూసి మురిసిపోయే ముందు

పిల్లవాడు వయసుకు మించి పొడుగ్గా ఎదిగితే "అంతా వాళ్ళ నాయన పోలిక" అని మురిసిపోతాము. చాలాసార్లు అంతే కూడా. కానీ కొన్ని ఇళ్ళలో ఆ పోలికతో పాటు మార్ఫాన్ సిండ్రోమ్ అనే జబ్బు కూడా వస్తుంది. 1896లో ప్యారిస్‌లో పిల్లల డాక్టరు ఆంటోయిన్ మార్ఫాన్ అయిదేళ్ళ పాపకు సన్నగా, మరీ పొడవుగా ఉన్న కాళ్ళూ వేళ్ళూ చూసి మొదట వివరించారు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది.

ధర్మవరం మగ్గం చూసినవారికి ఇది చెప్పడం సులువు. పడుగు పోగులో బలం లేకపోతే చీర లాగినచోటల్లా సాగుతుంది. మన ఒంటిని పట్టి ఉంచే పోగులకు ఫిబ్రిలిన్ అనే మాంసకృత్తు కావాలి. ఈ జబ్బులో లోపం దానిలోనే. అందువల్ల వెన్ను వంకర పోతుంది, రొమ్ము ఎముక లోపలికి గుంటపడుతుంది, కంటి కటకం పక్కకు జరిగి చూపు మసకబారుతుంది.

ఇవన్నీ బయటపడేవి. బయటపడనిది గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం. ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా ఉబ్బి, ఒకనాడు చీలుతుంది. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగానే కూలిపోయి మరణించారు. వయసు 31. జబ్బు సంగతి మరణించాకే తెలిసింది.

"మాది మేనరికం కాదు గదా సిస్టరమ్మా" అంటారు. దీనికి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రులలో ఒకరికుంటే చాలు, ప్రతి కాన్పులో బిడ్డకు రావడానికి సగం అవకాశం. నలుగురిలో ఒకరికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. కోడలి వైపా, అల్లుడి వైపా అని తగవు పడటం దండగ.

బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి పట్టించండి. గోరు మొత్తం చిటికెనవేలి పక్కనుండి బయటికొస్తే డాక్టరుకు చూపించండి. అదొక్కటే జబ్బుకు రుజువు కాదు. కంటి పరీక్ష, గుండెకు ఎకో తీయించాలి. హిందూపురం, పెనుకొండవారికి అందుబాటులోనే, పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండెకు, కంటికి ఉచిత వైద్యముంది.

జబ్బు ఉందని తేలితే మాత్రలు మానకూడదు. పెద్ద బరువులు, కబడ్డీ వద్దు. నాళం 5 సెంటీమీటర్ల దాకా ఉబ్బితే సాధారణంగా ఆపరేషన్ చేసి మారుస్తారు. ఆడపిల్లకు ఉంటే గర్భం రాకముందే ఎకో తప్పనిసరి. కాన్పు సమయం ఆమెకు చాలా ప్రమాదం. ఛాతీలోగాని వీపులోగాని చీల్చినట్టు నొప్పి వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకోవద్దు, ఆ క్షణమే పెద్దాసుపత్రికి బయలుదేరండి. వెళ్ళగానే "మా ఇంట్లో మార్ఫాన్ ఉంది" అని డాక్టరుకు ముందే చెప్పండి.