తలకు దెబ్బ తగిలినా మామూలుగానే ఉన్నారా? అయినా లైట్ తీసుకోవద్దు.. ఎందుకంటే?

పుర్రె గట్టి పెట్టె లాంటిది. మెదడు, రక్తం, చుట్టూ ఉండే ద్రవంతోనే లోపల నిండిపోతుంది. అదనంగా రక్తం చేరితే చోటుండదు. అసలు చిక్కు ఇదే. కణత దగ్గర ఎముక పల్చన, దాని వెనకే ఓ రక్తనాళం. ఎముక చిట్లి నాళం తెగితే రక్తం పుర్రెకూ, మెదడు పైపొరకూ మధ్య గడ్డ కడుతుంది. ఎముక సాగదు కదా.. నలిగేది మెదడే. అయినా కొందరు కొన్ని గంటలు బాగానే మాట్లాడతారు! బ్రిటన్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009లో కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. బాగానే ఉన్నానన్నారు. పుర్రె లోపల ఇలాగే రక్తం చేరి రెండు రోజులకే చనిపోయారు. దెబ్బ తగిలాక తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మగతగా ఉన్నా 'పడుకుంటే తగ్గుతుందిలే' అనుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గడ్డ ఉంటే సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. టైమ్‌కి ఆపరేషన్ చేస్తే చాలామంది కోలుకుంటారు.