కోతల రోజుల్లో మన ఒంటి సంగతి

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే మన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మిరప కోతలు ముమ్మరమవుతాయి. ఒకపక్క పత్తి ఆఖరి తీతలు, మరోపక్క కల్లంలో కాయ ఆరబోతలు, తాలు ఏరడాలు. ఇలాంటప్పుడు ఎవరైనా "నీ ఒళ్ళు కాస్త చూసుకోవమ్మా" అంటే ఒళ్ళు మండుతుంది. చూసుకునే తీరికే ఉంటే ఈ అవస్థ ఎందుకంటారు! కనుక తీరిక ఉన్నవాళ్ళకు పనికొచ్చే మాటలు ఇవాళ చెప్పబోవడం లేదు.

చేతుల మంటతోనే మొదలుపెడదాం. కాయ కోసిన చేతులు రాత్రంతా భగభగమంటాయి. బిందెడు నీళ్ళు పోసినా తగ్గదు. దానికి కారణం ఉంది. మిరపలో కారానికి మూలమైన కాప్సైసిన్ అనే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అంచేత ఇంటికి రాగానే ముందు కాస్త వేరుశనగ నూనో, కొబ్బరినూనో చేతులకు పట్టించి, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది, పాతగుడ్డతో తుడిచెయ్యాలి. ఆ తర్వాతే సబ్బూ చన్నీళ్ళూ. వేణ్ణీళ్ళు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. వేడిని పసిగట్టే నరాన్నే కారం కూడా తట్టి లేపుతుంది మరి. ఈ సంగతి తేల్చిన శాస్త్రజ్ఞుల్లో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. మన చేతులకు ఏటా తెలిసే సంగతికి ఎంత పెద్ద బహుమతో చూడండి! పసిబిడ్డ తల్లులు ఈ నూనె, సబ్బు పని కానిదే బిడ్డను ముట్టుకోకూడదు. కంట్లో కారం పడితే మాత్రం నూనె జోలికి పోవద్దు. మంచినీళ్ళతో బాగా కడుక్కోవడం, తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవడం, అంతే.

తర్వాతి సంగతి చెప్పడానికి మైకు ముందు కాస్త మొహమాటపడ్డాను. చేలో మరుగు లేదని పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళు తాగకుండా నెట్టుకొచ్చేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? దానివల్లనే మూత్రంలో మంట, తలతిప్పు. ఫాల్గుణం దాటాక మన ఎండల్లో అది ప్రాణం మీదికే వస్తుంది. ముఠాలో పదిమంది ఉన్నప్పుడు ఇద్దరు చీర అడ్డం పట్టడం కష్టమేమీ కాదు గదా! బాగా డస్సిపోయిన రోజు లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు కలుపుకుని కొద్దికొద్దిగా తాగండి. చెమ్చా అంటే తలకొట్టి కొలిచినది, గోపురంగా కాదు.

నీరసమంతా పనిదే అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 - 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రను టీతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి.

ఇవన్నీ రేపటినుంచే చేసేద్దామనుకుంటే ఒక్కటీ జరగదు. నేనూ ఒక ఉగాదికి ఏడు నియమాలు కాగితం మీద రాసుకున్నాను. నాలుగో రోజుకల్లా ఆ కాగితం పప్పుల డబ్బా కిందికి చేరింది. ఒక్కటి పెట్టుకోండి, అదీ చిన్నది, రోజూ తప్పని పనికి ముడివేసింది. "క్యారేజీ విప్పేముందు ఒక చెంబు నీళ్ళు" అన్నట్టు. నెల్లూరు జిల్లాలో 1992 సారా ఉద్యమం తర్వాత ఆడవాళ్ళు రోజుకో రూపాయి పొదుపు చేశారు. నెలకు వంద అంటే ఎంతమంది నిలబడేవారు? రూపాయే గదా అని మొదలుపెట్టారు, నలుగురి ఎదుటా లెక్క చెప్పాలి గనుక మానలేదు. మన చెంబు నీళ్ళ లెక్క కూడా ముఠాలో చెప్పుకుంటే సరి.

ఇక మనసు సంగతి. 1987-88లో పత్తి దెబ్బతిని మన వైపు రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. అప్పులవాళ్ళకు జవాబు చెప్పుకున్నది వెనక మిగిలిన ఆడవాళ్ళు. యార్డులో ధర పడిపోయిందని ఆయన మాట్లాడకుండా పడుకుంటే మనకూ నిద్ర పట్టదు. అది రెండుమూడు రాత్రుల దిగులైతే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా అన్నం సహించక, నిద్రలేక, "నేనెందుకు బతకాలి" అన్న మాట వస్తే, మీకైనా సరే, ఆయనకైనా సరే, గుట్టు అని దాచకండి. 14416 టెలి-మానస్ నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోను చెయ్యవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అంతకన్నా ముందు ఇవాళే ఒక పని చెయ్యండి. మంచం కిందా, అటక మీదా ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీసి పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. ఇంట్లో దిగులు ఉన్న రోజుల్లో ఆ తాళంచెవి మన కొంగున కూడా వద్దు, పక్కింటి అత్తయ్యకు ఇచ్చి రండి.