పూర్వపక్షము లేని సిద్ధాంతము

వాక్స్వాతంత్ర్యము పాశ్చాత్యుల నుండి లభించిన హక్కు అని తలచుట కలదు. రాజ్యాంగములందు అది హక్కుగా రూపొందుట ఆధునికమే. కాని ఎదిరిపక్షమును వినక సత్యము స్థిరపడదను భావము మన శాస్త్రములందు ప్రాచీనమైనది. పూర్వపక్షమును నిరూపించిన పిదపనే సిద్ధాంతమును స్థాపించుట శాస్త్రకారుల పరిపాటి. న్యాయశాస్త్రము చర్చను మూడు విధములుగా విభజించినది. ప్రమాణతర్కములతో తత్త్వనిర్ణయమునకై సాగునది వాదము. విజయమే లక్ష్యముగా ఛలాదులను సైతము ప్రయోగించునది జల్పము. స్వపక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటతోనే తృప్తి చెందునది వితండ.

ఈ విభాగము పందొమ్మిదవ శతాబ్ది తెలుగు పత్రికలకు చక్కగా అన్వయించును. 1871లో కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు ఆంధ్రభాషా సంజీవనిని, 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధనిని ప్రారంభించిరి. స్త్రీవిద్యాది విషయములందు వారివి భిన్నమార్గములు. వారి వివాదము సర్వదా వాదముగనే సాగెనని చెప్పజాలము. వీరేశలింగంగారు తమ హాస్యపత్రికకు హాస్యసంజీవని యని పేరిడుటయే దానికి నిదర్శనము. ఐనను ఆ సంఘర్షణ వ్యర్థము కాలేదు. ప్రతిపక్షము శాస్త్రమును అడ్డుపెట్టినందున సంస్కర్త శాస్త్రమునే శోధింపవలసి వచ్చెను. 1879లో వితంతు వివాహములను గూర్చి ఉపన్యసించినపుడు ఆయన ధర్మశాస్త్రవచనములనే ఆశ్రయించెను. 1881లో రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిగెను. పాఠకులు న్యాయనిర్ణేతలైరి, వారిని ఒప్పింపవలసిన అవసరము తెలుగు వచనమునకు పదును పెట్టినది.

జల్పమును నిషేధించి శుద్ధవాదమును మాత్రమే అనుమతింపరాదా యని శంక కలుగవచ్చును. ఏది వాదమో, ఏది జల్పమో నిర్ణయించు అధికారము విమర్శింపబడు వానికే దక్కినచో ఏమగునో 1908 చూపినది. స్వరాజ్య పత్రికలోని రచనకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై కారాగారమున కేగిరి. శిక్ష ఒక ప్రత్యుత్తరము కాదు. రచయిత నోరు మూతపడినదే కాని అతడు లేవనెత్తిన ప్రశ్న నిలిచియే యున్నది.

స్వతంత్ర భారత రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యమును గుర్తించినది. 1950లో మద్రాసు ప్రభుత్వము క్రాస్ రోడ్స్ అను వారపత్రిక తమ రాష్ట్రమున ప్రవేశింపరాదని నిషేధింపగా, సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. 1951 నాటి తొలి సవరణ నిర్బంధములకు ఆధారములను పెంచినను, అవి సహేతుకములై యుండవలెనని విధించినది. ఈ విశేషణము గమనింపదగినది. హేతువు న్యాయశాస్త్రమున అనుమానమునకు ప్రాణము. అనగా వాక్కును నిర్బంధించు ప్రభుత్వము సైతము హేతువు చూపి, ప్రతిపక్షము ఎదుట నిలిచి వాదింపవలసినదే.

మన పరిశోధకులకు ఇందొక కర్తవ్యము కలదు. వివేకవర్ధనిని చదివినంత శ్రద్ధతో సంజీవనిని చదువువారు అరుదు. గెలిచిన పక్షమును మాత్రమే భద్రపరచినచో, అది ఏ ప్రశ్నలకు సమాధానముగా పుట్టెనో తరువాతివారికి తెలియదు. ఓడిన పక్షపు రచనలను కూడ సేకరించి, వాని బలమును తగ్గింపక బోధించుటయే తరగతి గదిలో వాక్స్వాతంత్ర్యమునకు తొలి పాఠము.