వేక్‌బోర్డ్ వించ్‌లో చైన్ ఊడిపోతోందా? బిగించే ముందు వరస చూడాలి

మోటారు పడవ అవసరం లేకుండా నీటిపై బోర్డుతో జారే ఆటకు అమెరికా, ఐరోపా దేశాల్లో యువకులు సొంతంగా ఒక యంత్రాన్ని తయారు చేసుకుంటున్నారు. ఒడ్డున ఇనుప చట్రం, దానిపై చిన్న పెట్రోల్ ఇంజిన్, ఒక డ్రమ్ము, దానికి చుట్టిన వందల అడుగుల తాడు. ఇంజిన్ డ్రమ్మును తిప్పితే తాడు వెనక్కి చుట్టుకుంటుంది. తాడు కొసన పిడిని పట్టుకున్న ఆటగాడు నీటిపై దూసుకుపోతాడు. పడవ దిగలేని ఇరుకు కాలువలో, చిన్న చెరువులో కూడా ఆడుకోవచ్చు. దీన్నే వేక్‌బోర్డ్ వించ్ అంటారు.

ఈ యంత్రాలను తయారు చేసేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇంజిన్‌తో కాదు, చైన్‌తో. రెండు మూడు సార్లు లాగగానే చైన్ పళ్లపై నుంచి జారిపోతుంది, లేదా టకటక శబ్దంతో పళ్లను దాటేస్తుంది. కొన్నిసార్లు తెగిపోతుంది. తెగిన చైన్ కొరడాలా విసురుకొస్తే ఎదురుగా వచ్చేది యంత్రం పక్కన నిల్చున్న మనిషే. అందుకే ఇది మరమ్మతు సమస్య మాత్రమే కాదు, భద్రతకు సంబంధించిన విషయం కూడా.

చైన్‌పై పడే భారం ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇలాంటి వించ్‌లలో నీటి పంపులకు వాడే తరహా 5 నుంచి 13 హార్స్‌పవర్ ఇంజిన్లు ఉంటాయి. ఇంజిన్ నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతూ, దాని వైపు 12 పళ్లు, డ్రమ్ము వైపు 48 పళ్లు ఉన్న స్ప్రాకెట్లు ఉంటే డ్రమ్ము 900 చుట్లు తిరుగుతుంది. డ్రమ్ము వ్యాసం 20 సెంటీమీటర్లయితే తాడు వేగం గంటకు సుమారు 34 కిలోమీటర్లు. తాడు పొరలు పేరుకునే కొద్దీ వ్యాసం, దాంతో వేగం కూడా పెరుగుతాయి. 9 హార్స్‌పవర్ పూర్తిగా అందినప్పుడు చైన్‌పై నిలకడగా ఉండే లాగుడు 75 కిలోల బరువుకు సమానం. ఆటగాడు నీటిలోంచి పైకి లేచే క్షణంలో తగిలే కుదుపు అంతకన్నా చాలా ఎక్కువ.

చైన్ ఊడగానే చాలామంది చేసే పని దాన్ని ఇంకాస్త బిగించడం. నిజానికి ఊడిపోవడానికి మొదటి అనుమానితుడు వదులు కాదు, వరస తప్పడం. రెండు స్ప్రాకెట్లు ఒకే తలంలో లేనప్పుడు చైన్ ప్రతి చుట్టులో పక్కకు ఒరుసుకుంటూ పళ్ల అంచు ఎక్కుతుంది. దాన్ని గట్టిగా బిగిస్తే ఊడటం కొన్నాళ్లు ఆగవచ్చు గానీ ఆ భారమంతా బేరింగ్‌లపైకి, ఇంజిన్ షాఫ్ట్ పైకి మళ్లుతుంది. చవకైన చైన్‌ను కాపాడబోయి ఖరీదైన ఇంజిన్‌ను పాడు చేసుకోవడమే అది.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయాలి. ఆ తర్వాత చైన్ లోపలి పక్కలను చూడాలి. ఒకవైపు పలకలు మాత్రమే మెరుస్తూ అరిగి ఉంటే వరస తప్పిందనడానికి అదే సాక్ష్యం. తిన్నని ఇనుప పట్టీని పెద్ద స్ప్రాకెట్ ముఖంపై ఆనించి చిన్నదాని వరకు చాచితే తేడా కళ్లకు కడుతుంది. తేడా ఒక మిల్లీమీటరు లోపే ఉండేలా చూసుకోవాలి. రెండు స్ప్రాకెట్ల మందం వేరైతే ముఖాన్ని కాదు, పళ్ల మధ్యరేఖను లెక్కలోకి తీసుకోవాలి.

అయితే పట్టీ పరీక్ష ఒక్కటే చాలదు. రెండు షాఫ్ట్‌ల మధ్య దూరాన్ని ఈ కొసన, ఆ కొసన విడివిడిగా కొలవాలి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే షాఫ్ట్‌లు సమాంతరంగా లేవన్నమాట. రసమట్టంతో ఎత్తు తేడాను కూడా చూసుకోవాలి. వెల్డింగ్ వేడికి చట్రం పలకలు వంగడం మామూలే. అందువల్ల కాగితంపై సరిగా ఉన్న గీత ఇనుములో సరిగా ఉండకపోవచ్చు. బేరింగ్ కింద పలుచని రేకు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేయడం ఇక్కడ చిన్నతనమేమీ కాదు, అనుభవజ్ఞులైన మెకానిక్‌లు చేసేదే.

ఎంత సరిచేసినా చైన్ ఊగుతూనే ఉంటే తప్పు స్ప్రాకెట్‌లోనే ఉండవచ్చు. చట్రానికి ఒక తీగను సూచికలా బిగించి, దాని మొన పళ్ల పక్కకు తగిలీ తగలకుండా ఉంచి, డ్రమ్మును చేతితో నెమ్మదిగా తిప్పాలి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే స్ప్రాకెట్ వంకరగా వెల్డ్ అయినట్టే. ఇంజిన్ వైపు సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉన్న వించ్‌లలో మరో చిక్కుంది. క్లచ్ లోపలి బుష్ అరిగితే చిన్న స్ప్రాకెట్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు ఇంజిన్‌ను ఎన్నిసార్లు జరిపినా ఫలితం ఉండదు, బుష్ మార్చాల్సిందే.

కొలతలు కుదరని విడిభాగాలు కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. 40, 41, 420 అనే మూడు రకాల చైన్‌లలో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం ఒక్కటే, 12.7 మిల్లీమీటర్లు. లోపలి వెడల్పు మాత్రం 40 రకంలో సుమారు 7.9, మిగతా రెండింటిలో సుమారు 6.35 మిల్లీమీటర్లు. 41 రకం స్ప్రాకెట్‌పై 40 రకం చైన్ తిరుగుతుంది గానీ పక్కలకు కదులుతుంది. బలంలోనూ తేడా ఉంది. అమెరికా ప్రమాణాల ప్రకారం తెగకుండా తట్టుకోవాల్సిన కనీస భారం 40 రకానికి సుమారు 1,400 కిలోలు కాగా, 41 రకానికి 680 కిలోలే.

వరస కుదిరాకే బిగువు సంగతి చూడాలి. వదులుగా ఉండే వైపు చైన్ మధ్యభాగాన్ని వేలితో పైకీ కిందికీ కదిపితే, ఆ కదలిక మొత్తం షాఫ్ట్‌ల మధ్య దూరంలో 2 నుంచి 4 శాతం ఉండాలి. దూరం 40 సెంటీమీటర్లయితే 8 నుంచి 16 మిల్లీమీటర్లు. ఏ స్ప్రాకెట్టూ నూటికి నూరు పాళ్లు గుండ్రంగా ఉండదు కాబట్టి, డ్రమ్మును తిప్పుతూ చైన్ అన్నిటికన్నా బిగుసుకునే చోటు పట్టుకుని అక్కడే కొలవాలి. మోటార్‌సైకిల్ చైన్ సవరించే మెకానిక్ వెనక చక్రాన్ని తిప్పి తిప్పి చూసేది ఇందుకే.

చక్కగా సరిచేసిన బిగువు ఒక్క రోజులోనే సడలిపోతోందంటే ఇంజిన్ జరుగుతోందని అర్థం. లాగుడు పడిన ప్రతిసారీ చైన్ ఇంజిన్‌ను డ్రమ్ము వైపు గుంజుతుంది. పొడవాటి గాడుల్లో బిగించిన నట్లు ఒక్కటే ఆ గుంజుడును ఆపలేవు. ఇంజిన్ పలక వెనక్కి జరగకుండా, ముందు వైపు నుంచి దాన్ని నెట్టి పట్టే ఒక పొడవాటి బోల్టు అవసరం. దాన్ని తిప్పితే బిగువు కొలత ప్రకారం మారుతుంది, లాక్‌నట్ వేస్తే అక్కడే నిలుస్తుంది. చట్రమే వంగుతోందేమో తెలియాలంటే ఇంజిన్ ఆపి, డ్రమ్ము తిరగకుండా అడ్డుపెట్టి, తాడును చేతి వించ్‌తో లాగుతూ డ్రమ్ము షాఫ్ట్ ఎంత కదులుతోందో కొలవాలి.

ఇక అరుగుదల. చైన్ సాగింది అంటారు గానీ సాగేది ఉక్కు కాదు. పిన్నులు, బుష్‌లు అరిగి ప్రతి కీలులో కాస్త సందు ఏర్పడుతుంది. అవన్నీ కలిసి పొడవుగా కనిపిస్తాయి. వరుసగా 24 పిన్ దూరాలు కొలిస్తే కొత్త చైన్‌లో 304.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 314కు చేరితే అరుగుదల 3 శాతం, మార్చక తప్పదు. పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే స్ప్రాకెట్లనూ మార్చాలి, లేకుంటే కొత్త చైన్ త్వరగానే పాతదైపోతుంది. నీటి ఒడ్డున ఇసుక తప్పదు. నూనెలో కలిసిన ఇసుక సానరాయిలా పనిచేస్తుంది. నూనెను కీళ్లలోకి దిగనిచ్చి, పైపైన అంటుకున్నదాన్ని గుడ్డతో తుడిచేయాలి.

చైన్‌ను కలిపే లింకుకు వేసే క్లిప్ తెరిచి ఉన్న కొస, చైన్ సాగే దిశకు వ్యతిరేకంగా ఉండాలి. తిరగేసి వేస్తే ఏదైనా తగిలినప్పుడు క్లిప్ ఊడివస్తుంది. ఆపై ఇనుప రేకు కవచం బిగించాకే ఇంజిన్ నడపాలి. మొదటి నాలుగైదు లాగుళ్ల తర్వాత ఇంజిన్ ఆపి, నట్లు, బేరింగ్ స్క్రూలు, చైన్ బిగువు మళ్లీ ఒకసారి కొలిచి చూసుకోవాలి.