సేటు ఏ ఊరివాడు?

తెలంగాణలో దాదాపు ప్రతి తాలూకా కేంద్రపు బజారులోనూ కనీసం ఒక మార్వాడీ దుకాణం ఉండేది. కిరాణం, బట్టలు, వెండి సామాను, వాటితోపాటు వడ్డీ వ్యాపారం. సికింద్రాబాదు నుంచి మన్మాడ్‌కు వెళ్లే హైదరాబాద్–గోదావరి వ్యాలీ మీటరుగేజి మార్గం 20వ శతాబ్ది మొదట్లో మేడ్చల్ మీదుగా నడవడంతో ఉత్తరాది వ్యాపారికి ఈ ప్రాంతం దగ్గరైంది. అలా వచ్చి స్థిరపడినవారి మునిమనవలు ఇప్పుడు తమ మూలాలు వెతకబోతే మొదటి అడ్డంకి పేరు దగ్గరే వస్తుంది. ఊరంతటికీ ఆయన ‘సేటు’. చాలా కాగితాల్లోనూ అంతే.

ఇలాంటి వెతుకులాటకు ప్రపంచంలో బాగా తెలిసిన నమూనా అమెరికాకు వెళ్లిన జర్మన్ దుకాణదారులది. హాంబర్గ్ రేవులో 1850 నుంచి 1934 దాకా ఓడెక్కినవారి జాబితాలున్నాయి. వాటిలో ప్రయాణికుడి చివరి నివాసం రాసి ఉంటుంది. ఆ ఊరు తెలిస్తే అక్కడి చర్చి పుస్తకాల్లో తాతముత్తాతలు దొరుకుతారు. బ్రెమెన్ రేవు జాబితాల్లో ఎక్కువ భాగం మిగల్లేదు కాబట్టి అటునుంచి వెళ్లినవారి వారసులకు పని కష్టం. అమెరికాలోనేమో జనగణన పత్రాలను 72 ఏళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022లో బయటికొచ్చాయి. భారతదేశంలో ఆ దారి లేదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలను ఎవరికీ చూపరు. పుట్టుక, మరణం నమోదు కూడా 1969 చట్టం తర్వాతే పల్లెల్లో కొంత గాడిన పడింది. కాబట్టి ఇక్కడ కొట్టు మనిషి జాడ పుట్టుక కాగితంలో కన్నా అప్పు కాగితంలో వెతకడమే మేలు.

ముందు ఇంట్లో ఉన్న బహీలు, అంటే లెక్కల పుస్తకాలు, తీయాలి. పాతవి మహాజనీ లిపిలో ఉంటాయి. దానికి అచ్చు గుర్తులు ఉండవు. ‘కాకా అజ్‌మేర్ గయే’ (అజ్‌మేర్ వెళ్లాడు) అని రాస్తే ‘కాకా ఆజ్ మర్ గయే’ (ఇవాళ చనిపోయాడు) అని చదివి ఇల్లంతా ఏడ్చిందన్న పాత హాస్యకథ ఈ లిపి మీదే పుట్టింది. చదవగలిగేవారు ఇప్పుడు అరుదు. అయినా ఖాతాల్లో సొంత ఊరికి పంపిన డబ్బు, పెళ్లి ఖర్చులు, గుమాస్తాల జీతాలు ఉంటాయి గనుక ఒక్క పుస్తకం పోయినా పెద్ద నష్టమే. నల్లగొండ, వరంగల్ ప్రాంతాల్లో 1940ల చివరి సాయుధ పోరాటంలో అప్పు పత్రాలను తగలబెట్టారు. రైతుకు అది విముక్తి. వంశచరిత్ర వెతికేవారికి మాత్రం అక్కడ పేజీలు ఖాళీ.

తేదీలతో జాగ్రత్త. బహీల్లో విక్రమ సంవత్సరం ఉంటుంది. అందులోంచి 57 గానీ 56 గానీ తీసేస్తే క్రీస్తుశకం. నిజాం ప్రభుత్వ కాగితాల్లో ఫసలీ ఉంటుంది, దానికి 590 కలపాలి. ఫసలీ ఏడాది అక్టోబరులో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి 1349 ఫసలీ అంటే 1939 అక్టోబరు నుంచి 1940 దాకా. ఈ అంకె గుర్తుంచుకోదగ్గది, హైదరాబాద్ రాజ్యంలో వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది ఆ ఏడాదే. అప్పులిచ్చేవారు లైసెన్సు తీసుకోవాలి, లెక్కలు సక్రమంగా రాయాలి అని అది నిర్బంధించింది. లైసెన్సు కాగితం దొరికితే సేటుకు పేరు, చిరునామా కూడా దొరుకుతాయి. బాకీ రాబట్టడానికి వేసిన సివిల్ దావాలైతే ఇంకా మంచివి. వాది పేరు, తండ్రి పేరు, వృత్తి, నివాసం లేకుండా దావా ఉండదు మరి.

కొడుకులు సర్కారు నౌకరీకి ప్రయత్నించి ఉంటే ముల్కీ సర్టిఫికెట్ కోసం వెతకాలి. 1919 నాటి ఫర్మానా కింద వచ్చిన ముల్కీ నిబంధనల ప్రకారం బయటినుంచి వచ్చినవారు 15 ఏళ్లు ఇక్కడే స్థిరంగా ఉంటే ముల్కీలుగా, అంటే స్థానికులుగా, లెక్క. కుటుంబం ఎప్పటినుంచి ఉంటోందో రుజువు చేసే కాగితమది. జర్మన్ వలసదారుకు అమెరికా పౌరసత్వ దరఖాస్తు ఎంత ముఖ్యమో, ఇక్కడ ఇది అంతే.

భూమి రికార్డుల్లో చాలామంది పొరపడతారు. 1954–55 ఖాస్రా పహాణీ తెలంగాణలో అందరూ ముందు అడిగే పత్రం. కానీ అది సాగుభూములది. బజారులోని దుకాణం గ్రామకంఠంలో ఉంటుంది కాబట్టి పహాణీలో కనబడదు. దానికి పంచాయతీ ఇంటిపన్ను పుస్తకమో, సబ్ రిజిస్ట్రారు దగ్గరి దస్తావేజులో చూడాలి. సేటు పేరు పహాణీలో ఉంటే అప్పుకింద వచ్చిన పొలమేమో ఆలోచించాలి. జిల్లా పేర్లు కూడా మారాయి. మేడ్చల్ తాలూకా ఒకప్పుడు నిజాం సొంత ఖర్చుల కింద ఉన్న సర్ఫెఖాస్‌లోని అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. సర్ఫెఖాస్ 1949లో రాజ్యంలో కలిసింది. 1978లో రంగారెడ్డి జిల్లా, 1985లో మండలాలు, 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా వచ్చాయి. పాత ఉర్దూ దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లేవారు ఇవాళ్టి జిల్లా పేరు చెబితే లాభం లేదు.

ఇక్కడి కాగితాల్లో సొంత ఊరు బయటపడితే దారి రాజస్థాన్ వైపు తిరుగుతుంది. అక్కడ భాట్లు తమ యజమానుల వంశావళిని తరతరాలుగా పోథీల్లో రాస్తూ వచ్చారు. హరిద్వార్ పండాలు, అంటే అక్కడి తీర్థ పురోహితులు, కూడా యాత్రకు వచ్చిన కుటుంబాల పేర్లు బహీల్లో ఎక్కించారు. వాటిని ఊరు, కులం వారీగా పంచుకుంటారు కాబట్టి ఫలానా ఊరివాళ్లమని చెప్పగలిగితే ఆ ఊరి పండా ఎవరో తెలిసిపోతుంది. అమెరికాలోని యూటా వంశవృక్ష సంఘం ఈ హరిద్వార్ బహీల్లో చాలావాటిని మైక్రోఫిల్ము తీసింది. అయితే వీటిలో ఎక్కువగా మగవారి వరుసే సాగుతుంది. ఇంటి ఆడపడుచుల సంగతి కావాలంటే పెళ్లి ఖర్చులు రాసిన ఆ పాత ఖాతాలూ, ఆస్తి పంపకాల దస్తావేజులూ మళ్లీ తిరగేయాల్సిందే.