గని మట్టిగుట్టపై గూళ్ల లెక్క

సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల పక్కన సేద్యం చేసే రైతులకు మట్టిగుట్టలు కొత్త కాదు. బొగ్గు మీదున్న మట్టి, బండ తవ్వి గుట్టగా పోసి, పైన మొక్కలు నాటుతారు. నాలుగేళ్లు పోతే దూరం నుంచి గుట్ట పచ్చగానే అవుపిస్తుంది. మరి ఆ నేల నిజంగా కోలుకున్నదా, పైపై పచ్చదనమేనా? ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. అక్కడ ఏ పిట్టలు గూడు పెడుతున్నాయో చూడండి.

పిట్ట కనబడటం వేరు, గూడు పెట్టి పిల్లల్ని లేపటం వేరు. మేత కోసం ఎక్కడెక్కడివో వచ్చి పోతుంటాయి. గూటికి మాత్రం చాటు కావాలి, పిల్లలకు పెట్టేందుకు దగ్గర్లోనే పురుగులుండాలి. గింజలు తినే పిచ్చుక, గిజిగాడు సైతం పిల్లలకు పురుగులే మేపుతాయి.

కొత్తగా పోసిన మట్టిలో ముందు చేరే వాటిలో తీతువు ఒకటి. దీనికి చెట్టుతో పనిలేదు. మార్చి నుంచి ఆగస్టు దాకా గులకరాళ్ల నడుమ చిన్న గుంట చేసి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవి రాళ్లలో కలిసిపోతాయి. మనిషి దగ్గరికి పోతే నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. తీతువు కూస్తే చావు కబురని మనవాళ్లు తిట్టుకుంటారు గానీ, పాపం అది తన గుడ్ల కోసం పడే తిప్పలు. తోకలో సన్నపుల్ల ఉండే చిన్న పచ్చపిట్ట పసరిక, నిలువుగా తెగిన మట్టికట్టలో బొరియ తవ్వుతుంది. లకుముకి పిట్టదీ అదే పద్ధతి. వేసవిలో మిషన్లతో ఆ కట్టలను చదును చేస్తే ఆ ఏటి పిల్లలు మట్టిపాలైనట్టే.

పాలపిట్టకు చెట్టు తొర్ర కావాలి. వరసగా నాటిన లేత నీలగిరిలో తొర్ర ఎక్కడిది? గుట్ట మీద అది వాలితే సంతోషమే, కానీ గూడు చాలాసార్లు మీ చెలక గట్టు మీది ముసలి ఇప్పచెట్టులోనో, మోడువారిన తాటిచెట్టులోనో ఉంటుంది. దేశంలో పాలపిట్టలు వేగంగా తగ్గుతున్నాయని 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక తేల్చింది. దసరానాడు వెతుక్కుంటూ పోయి చూసే పిట్ట ఇది. ఎండిన తాడిని కొట్టే ముందు తొర్రకేసి ఒకసారి చూడండి.

లెక్క రాయటానికి పెద్ద చదువక్కర్లేదు. గుట్ట అంచున, 200 మీటర్ల ఎడంతో నాలుగైదు చోట్లు గుర్తు పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు వరకు పదిహేను రోజులకోసారి, తెల్లారిన గంటలోపు, ఒక్కోచోట 10 నిమిషాలు నిలబడండి. తేదీ, పిట్ట, అది చేసే పని నోటుబుక్కులో రాయండి. పుల్ల ముక్కున కరుచుకుపోతే గూడు కడుతున్నట్టు. పురుగును మింగక మోసుకుపోతే పిల్లలున్నట్టు. గూట్లోంచి తెల్లటి రెట్ట తిత్తి తెచ్చి పారేస్తే ఇక అనుమానమే లేదు. గూటి దాకా పోవద్దు, మిమ్మల్ని చూసి కాకి పసిగడుతుంది. అనుమతి లేకుండా గుట్ట ఎక్కొద్దు. పోసిన మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

చేనుకు లాభమా అంటే కొంత ఉంది. తోక చీలిన నల్లపిట్ట పసులపోలిగాడు పత్తిలో శనగపచ్చ పురుగును ఏరుకు తింటుంది. ఎకరానికి పది పక్షి స్థావరాలు పాతితే వాలటానికి వీలుంటుంది. పురుగంతా పిట్టలే తింటాయని ఎవరన్నా చెబితే నమ్మకండి. కాయ లోపలి గులాబీ రంగు పురుగు వాటికి అందదు. నెమళ్లతో నష్టమూ నిజమే. అయినా విషపు గింజలు చల్లొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నెమలిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పైగా ఆ గింజలకు పావురాలు, కౌజులూ పోతాయి.

రెండు మూడేళ్ల రాత చేతిలో ఉంటే అడగటానికి బలముంటుంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం గని యాజమాన్యం ఏడాదికి రెండుసార్లు షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, దరఖాస్తు పెడితే ఎవరికైనా ప్రతి ఇవ్వాలి. అందులో ఎన్ని మొక్కలు నాటామన్న అంకె ఉంటే, మీ బుక్కులోని గూళ్ల లెక్క పక్కన పెట్టి గ్రామసభలో అడగండి: నీలగిరితోపాటు మర్రి, రావి, వేప, ఇప్ప కూడా నాటమని, మట్టికట్టల చదును పని అక్టోబరు తర్వాతే పెట్టుకోమని.